నేర్చుకున్నవాడు బాకీ పడతాడా?



నెలరోజుల క్రితం నాకొక ఉత్తరం వచ్చింది. నగరంలో ప్రజారోగ్య శాస్త్రం బోధించే ఒక సంస్థ నుండి ఒక ఆచార్యులు రాశారు. డిగ్రీ ముగించి ఎం.పి.హెచ్. చదువుతున్న 12 మంది విద్యార్థులను క్షేత్రశిక్షణ నిమిత్తం 6 వారాలపాటు మా విచారణ గ్రామాలకు పంపాలని వారి ఆలోచన. బసకు గదులు దొరుకుతాయా, రెండు ఊళ్ళలో కలిపి 200 ఇళ్ళు చూపించగలరా, ఆదివారం పూజ చివర ప్రకటన చేసి ప్రజలు సహకరించేటట్లు చూడగలరా అని అడిగారు. ఎంతో మర్యాదగా రాసిన ఉత్తరం. అడిగినవి పెద్ద కోరికలు కూడా కావు. అయినా జవాబు రాయడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఎందుకు పట్టిందో చెబితే, మీ ఇళ్ళలో కూడా ఆలోచించదగిన ప్రశ్న ఒకటి బయటపడుతుందని ఈ వారం కలం పట్టాను.

మా విచారణ ఫ్లోరైడు నేల మీద ఉంది. తాగునీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండకూడదని ప్రమాణం. మా పాత బోర్ల నీళ్ళు ఆ హద్దు ఎప్పుడో దాటాయి. ఆ నీళ్ళు తాగి పెరిగినవారి పళ్ళమీద గోధుమరంగు చారలు మీరు చూసే ఉంటారు. ఏళ్ళు గడిచేకొద్దీ కీళ్ళు బిగుస్తాయి, వెన్ను కర్రలా అవుతుంది. ఒకసారి ఎముకలు అలా మారితే తిరిగి మునుపటిలా కావు.

ఈ జబ్బు సంగతి నిన్న మొన్న తెలిసినది కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలో దీనిని గుర్తించి వైద్యులు పత్రికలో ప్రచురించింది 1937లో. పటిక, సున్నం కలిపి నీటిని శుద్ధిచేసే పద్ధతిని నీరీ శాస్త్రజ్ఞులు 1970లలో రూపొందించి, దానికి నల్లగొండ పేరే పెట్టారు. అయినా ఎన్నో ఊళ్ళకు కుళాయిలో మంచినీళ్ళు ఈ శతాబ్దంలో గాని రాలేదు. నీళ్ళకంటే ముందు, నీళ్ళకంటే ఎక్కువసార్లు వచ్చినవారు సర్వే చేసేవారు.

ఎముకలకు ఈ జబ్బు సోకిందేమో చూడడానికి వారు మూడు పనులు చేయిస్తారు. మోకాళ్ళు మడవకుండా వంగి కాలివేళ్ళు తాకమంటారు. గడ్డం రొమ్ముకు ఆనించమంటారు. చేతులు మెడవెనక్కి పెట్టమంటారు. చేయలేకపోతే కాగితం మీద గుర్తు పెట్టుకుంటారు. మా ఊళ్ళో ఒక పెద్దాయన ఉన్నాడు. ఉత్తరం సంగతి చెప్పగానే ఆయన నన్ను అడిగాడు: “ఫాదరుగారూ, నా నడుం వంగదని ఊరందరికీ తెలుసు. వచ్చినోళ్ళల్లా వంగమంటారు. వంగలేకపోతే రాసుకుపోతారు. ఇంకెన్నిసార్లు వంగాలండీ?”

ఆయన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అంతకుముందు ఆయనను వంగమని చెప్పినవారిలో నేనూ ఉన్నాను.

కొన్నేళ్ళ క్రితం ఇలాగే ఒక బృందం వచ్చింది. పూజ చివర నేనే ప్రకటన చేశాను. “మన మేలు కోసమే వచ్చారు, అందరూ సహకరించండి” అన్నాను. మరునాడు గుడి ఆవరణలో జనం వరుస కట్టారు. రక్తం ఇచ్చారు, సీసాల్లో మూత్రం ఇచ్చారు, చెప్పినట్టల్లా వంగారు. కూలి పోగొట్టుకొని వచ్చినవారు కూడా ఉన్నారు. బృందం వెళ్ళిపోయింది. ఫలితాల చీటీలు రాలేదు. నేను రెండుసార్లు ఉత్తరం రాశాను, జవాబు లేదు. ఒక తల్లి క్రిస్మసు పండుగకు అడిగింది, “ఫాదర్, మా బాబు చీటీ వచ్చిందా?” అని. ఈస్టరు పండుగకూ అడిగింది. ఆ తరువాత అడగడం మానుకుంది. అడిగినప్పటికంటే మానుకున్నప్పుడు నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

అక్కడ జరిగిన తప్పు బృందానిది మాత్రమే అని చాలాకాలం అనుకున్నాను. నిదానంగా ఆలోచిస్తే నా వంతు కనబడింది. ఆ ప్రజలు రక్తం ఇచ్చింది శాస్త్రాన్ని అర్థం చేసుకొని కాదు, ఫాదరుగారు చెప్పారని. పీఠం దగ్గర నిలబడి గురువు చెప్పిన మాటకు “వద్దు” అనడం మన ఊళ్ళలో ఎంతమందికి సాధ్యం? వారి అంగీకారాన్ని వారికి బదులు నేనే ఇచ్చేశాను.

ఇది చిన్న విషయం అనుకోకండి. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో ఒక టీకా అధ్యయనం జరిగింది. గర్భాశయ ముఖద్వార కేన్సరును నివారించే ఆ టీకాను 10 నుండి 14 ఏళ్ళ లోపు బాలికలు దాదాపు 14,000 మందికి వేశారు. వారిలో ఆశ్రమ పాఠశాలల్లో చదివే గిరిజన బాలికలు చాలామంది. విమర్శలు రావడంతో 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపివేశారు. విచారించగా, ఎన్నో అంగీకార పత్రాలమీద తల్లిదండ్రుల సంతకాలకు బదులు హాస్టలు వార్డెన్ల, ప్రధానోపాధ్యాయుల సంతకాలు ఉన్నట్టు తేలింది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దీనిని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా చెడ్డదని కాదు. అది ఎందరో స్త్రీల ప్రాణాలు కాపాడగల మంచి టీకా. కాని మంచి వస్తువును కూడా అడగకుండా ఇస్తే మనిషిని అవమానించినట్టే. ఆ వార్డెన్లు దుర్మార్గులై ఉంటారని నేను అనుకోను. పిల్లలకు మేలే కదా అని సంతకం పెట్టివుంటారు. నేను చేసిన ప్రకటన కూడా అలాంటి సంతకమే.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు జర్మను తత్వవేత్త కాంట్ చెప్పిన నియమం ఒకటి నేర్చుకున్నాం. ఏ మనిషినీ కేవలం సాధనంగా వాడుకోరాదు, ప్రతి మనిషి తనకు తానే గమ్యమని దాని సారాంశం. ద్వితీయ వాటికన్ మహాసభ 1965లో, భూమిమీద దేవుడు దాని కోసమే కోరి సృజించిన ప్రాణి మనిషి ఒక్కడేనని బోధించింది. అలాగైతే పేదవాడి రోగం మరొకరి చదువుకు పాఠ్యపుస్తకం కావచ్చునా? ఒకరి బాధను చూసి మరొకరు పట్టా తెచ్చుకోవడం న్యాయమేనా? ఉత్తరానికి “వద్దు” అని రాసేస్తే సరిపోతుందని ఒక దశలో నాకు అనిపించింది.

నా మనసు మార్చింది మా విచారణ అమ్మాయే. నర్సింగు ముగించి ఇప్పుడు ఎం.పి.హెచ్. చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు ఈ సంగతి చెబితే నెమ్మదిగా అంది: “మమ్మల్ని ఎవరూ రానివ్వకపోతే మేము ఎక్కడ నేర్చుకోవాలి ఫాదర్? నా మొదటి ఇంజెక్షను కూడా ఎవరో ఒక పేదవాడి చేతికే కదా చేశాను. అతను చేయి చాపాడు కాబట్టి నాకు పని వచ్చింది.”

ఆలోచిస్తే నిజమే. నా మొదటి ప్రసంగాన్ని ఓపికగా భరించిన విచారణ ప్రజలు ఉండబట్టే నాకు నాలుగు మాటలు చెప్పడం వచ్చింది. ఏ విద్య అయినా ఎవరి మీదనో నేర్చుకోవలసిందే. ప్రజారోగ్యం గదిలో కూర్చొని నేర్చుకొనే విద్య కాదు. 1932లో కలకత్తాలో ప్రజారోగ్య సంస్థను స్థాపించిన తరువాత, 1939లో సింగూరు గ్రామప్రాంతంలో శిక్షణ కేంద్రం పెట్టవలసి వచ్చింది అందుకే. బోరు ఎక్కడుంది, బిందె మోసేది ఎవరు, కుళాయి వచ్చాక కూడా పాత బోరు నీళ్ళే ఎందుకు తాగుతున్నారు అన్నది ఊరికి వస్తేనే తెలుస్తుంది. అది తెలియనివాడు రేపు జిల్లా ఆఫీసులో కూర్చొని పథకం రాస్తే నష్టపోయేది మళ్ళీ ఆ పెద్దాయనే.

కాంట్ మాటలో “కేవలం” అన్న పదాన్ని నేను గమనించలేదు. ఒకరివల్ల ఒకరు నేర్చుకోవడం తప్పు కాదు. నేర్చుకొని, బాకీ పడ్డామన్న సంగతి మరచిపోవడం తప్పు. బాకీ ఉన్నదని ఒప్పుకుంటే దానిని తీర్చే మార్గం ముందే చూసుకోవాలి. ఆరవ వారం చివర విద్యార్థి పరీక్షల తొందరలో ఉంటాడు, పెట్టె సర్దుకుంటాడు. అప్పుడు మంచి మనసున్నా మార్గం దొరకదు. కాబట్టి శిక్షణకు వేసే ప్రణాళిక కేవలం తేదీల పట్టిక కాదు. అందులో ఎవరిని ఎప్పుడు అడుగుతాము, ఏమి తీసుకుంటాము, ఏమి తిరిగి ఇస్తాము అన్నవి ఉంటాయి. లేకపోతే లేకపోయినట్టు తెలుస్తుంది. అందుకే దానిని నేను నైతిక పత్రం అంటాను.

సువిశేషంలోని మంచి సమరీయుని ఈ కన్నుతో మరొకసారి చూడండి. యాజకుడు, లేవీయుడు కూడా గాయపడినవానిని చూశారు. చూసి తప్పుకొని వెళ్ళారు. సమరీయుడు కట్టుకట్టి సత్రానికి చేర్చాడు. అతడు కూడా ప్రయాణంలో ఉన్నవాడే, అక్కడ నిలిచిపోలేడు. అందుకని సత్రము యజమానికి అప్పగించాడు, రెండు దీనారాలు ఇచ్చాడు, తిరిగి వస్తానన్నాడు. ఉండలేనివాడు ఉండేవాడికి అప్పగించాలి, తాను తిరిగి రావాలి. 1920లో గుంటూరు వచ్చిన డాక్టరు సిస్టర్ మేరీ గ్లౌరీ వంటివారు జీవితమే ఇచ్చి ఇక్కడ ఉండిపోయారు. ఆ పిలుపు అందరికీ రాదు. ఆరు వారాలకు వచ్చేవారు తమ పనిని ఉండేవారితో ముడిపెట్టడం మాత్రం అందరికీ సాధ్యమే.

ఇవన్నీ తలచుకొని ఆచార్యులవారికి జవాబు రాశాను. తప్పక రండి అన్నాను. పీఠం దగ్గరనుండి నేను ప్రకటన చేయను అని రాశాను. విద్యార్థులే ఇంటింటికీ వెళ్ళి, ఏమి అడుగుతారో, ఎందుకో తెలుగులో చెప్పాలి. వద్దన్నవారి పేరు నాకు చెప్పకూడదు. సమ్మతి స్వచ్ఛందంగా ఉండాలని, ఎప్పుడైనా తప్పుకొనే హక్కు ఉండాలని భారత వైద్య పరిశోధనా మండలి 2017 నాటి మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి కదా.

మొదటి వారం ప్రశ్నల కాగితం తీయవద్దని కూడా రాశాను. ఆ వారమంతా మా ఆశా కార్యకర్త వెంట, ఏ.ఎన్.ఎం. వెంట నడవాలి. ఇదివరకు తీసిన లెక్కలు ఆరోగ్య కేంద్రంలో ఉంటే వాటిని ముందు చదవాలి. ఉన్న లెక్క కోసం మళ్ళీ ఒకరిని వంచకూడదు. ఏమి తెలుసుకోవాలో ఊరివారిని అడిగి నిర్ణయించాలి. తమ ఆరోగ్య ఏర్పాట్లను ఆలోచించడంలో పాల్గొనడం ప్రజల హక్కు, బాధ్యత అని 1978లో ఆల్మా ఆటా ప్రకటన చెప్పినది ఇదే. తీరని వాగ్దానం ఒక్కటి కూడా చేయకూడదు. చివరగా, ఫలితాలను ఊరికి తిరిగి తెచ్చి, చదువురానివారికి కూడా అర్థమయ్యేట్టు చెప్పాలి. ఎవరి చీటీ వారి చేతికే ఇవ్వాలి.

ఆచార్యులవారు వెంటనే జవాబిచ్చారు. అన్నిటికీ ఒప్పుకున్నారు, చివరిదానికి తప్ప. ఫలితాలు తయారయ్యేసరికి విద్యార్థులకు తరువాతి సెమిస్టరు మొదలవుతుందట, మళ్ళీ రావడానికి సంస్థలో సెలవూ లేదు, ఖర్చుకు డబ్బూ లేదు. నివేదికను తపాలాలో పంపుతామన్నారు. ఆయన నిజాయితీ నాకు నచ్చింది. కాని ఆ ఒక్కటి వదులుకోవడానికి నా మనసు ఒప్పలేదు. విద్యార్థులలో ఇద్దరైనా ఒక ఆదివారం రావాలని, వారి బస్సు ఛార్జీలు, భోజనం మా విచారణ భరిస్తుందని తిరిగి రాశాను. పేద విచారణ ఎందుకు భరించాలని మా పెద్దలలో ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. బాకీ ఉన్నవాడు వచ్చి తీర్చాలి గాని, బాకీ రావలసినవాడు దారిఖర్చు పంపడమేమిటి? అయినా ఆ తల్లి మూడవ పండుగకు అడగకుండా మానుకున్న ప్రశ్న నా చెవిలో ఉంది. జవాబు ఇంకా రాలేదు, ఎదురు చూస్తున్నాను.

ఈలోగా ఆ పెద్దాయన దగ్గరకు వెళ్ళాను. “పిల్లలు వస్తున్నారు పెద్దయ్యా, ఈసారి నిన్నే అడుగుతారు. ఇష్టం లేకపోతే వద్దను” అన్నాను. ఆయన కాసేపు ఆలోచించాడు. “వంగను ఫాదరుగారూ. కాని ఏ బోరు ఎప్పుడు వేశారో, ఏ వీధివాళ్ళు ఏ నీళ్ళు తాగారో మొత్తం నాకు తెలుసు. కూర్చోబెట్టి అడిగితే చెబుతా, రాసుకోమనండి” అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నడుమును పరీక్షించినవారు ఉన్నారు గాని ఆయనకు తెలిసినదాన్ని అడిగినవారు లేరు. నేనూ అడగలేదు.

యెరూషలేము కోనేటి దగ్గర 38 ఏళ్ళుగా పడివున్న రోగిని చూసి యేసుప్రభువు కూడా ముందు అడిగాడు, నీకు స్వస్థత కావాలా అని. సర్వం తెలిసినవాడే అడిగినప్పుడు మనమెంత?

కాబట్టి తల్లిదండ్రులారా, మీ బిడ్డ నర్సింగో, వైద్యమో, ప్రజారోగ్యమో చదువుతూ ఊళ్ళకు వెళ్ళివస్తే, “ఎన్ని మార్కులు వచ్చాయి?” అని అడిగేముందు “ఆ ఊరికి మళ్ళీ ఎప్పుడు వెళతావు?” అని అడగండి. మీ గడపకే అలాంటి బిడ్డలు వస్తే మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టండి. ఎందుకు అడుగుతున్నారో, ఫలితం ఎప్పుడు చెబుతారో తెలుసుకున్నాకే “సరే” అనండి. “వద్దు” అనాలనిపిస్తే అనండి. అది పాపం కాదు, ఫాదరుగారికి కోపమూ రాదు.

తిరిగి వస్తానని చెప్పి వచ్చేవారిగా ప్రభువు మనలనూ మన బిడ్డలనూ తీర్చిదిద్దును గాక.