ఊహను సాగదీసేది ఎవరు?

ఇంగ్లీషులో ‘బై ఎనీ స్ట్రెచ్ ఆఫ్ ది ఇమాజినేషన్’ అనే పలుకుబడి ఉంది. ఊహను ఎంత సాగదీసినా అని దాని అర్థం. ఎక్కువగా కాదు, లేదు అనే మాటలతోనే వాడతారు. ‘ఎంత ఊహించుకున్నా అతన్ని మంచి పాటగాడు అనలేం’ అన్నట్టు. తెలుగులో ‘ఎలా చూసినా కాదు’ అంటాం. పరీక్షకు ఇంతవరకు తెలిస్తే చాలు. కానీ ఆ మాట అన్నవాళ్లు నిజంగా ఊహను సాగదీశారా?

నేను ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నప్పుడు ఒక సారు, ఆదివాసీ భాషలకు లిపి అనేది ఊహకు కూడా అందని మాట అన్నారు. మేమంతా తలలూపాం. ఆదివాసీ బిడ్డనైన నేనూ ఊపాను. తర్వాత ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండి చేతిరాత ప్రతులు ఉన్నాయని లోకానికి తెలిసింది. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. ఆ ప్రతులు మేం తలలూపిన రోజున కూడా ఆ ఊళ్లోనే ఉన్నాయి. లేనిది లిపి కాదు, వెళ్లి అడిగినవాళ్లు.

ఇప్పుడు నేనుండే బన్సీలాల్‌పేట్‌లో పాత మెట్లబావి ఉంది. ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయింది. ఆ గుట్టను చూపించి, దీని కింద రాతిమెట్లున్నాయి, నీళ్లున్నాయి అని ఎవరైనా చెబితే నేనూ నవ్వేవాణ్నేమో. చెత్త తీసి, బాగుచేసి 2022 డిసెంబరులో మళ్లీ తెరిచారు. ఇప్పుడు పిల్లలు మెట్ల మీద నిలబడి నీళ్లలోకి తొంగిచూస్తున్నారు.

అలాగని ఊహించినదల్లా నిజమని నేననను. తవ్వి చూశాక నీళ్లు లేకపోతే లేవనే చెప్పాలి. ఆ ‘లేదు’లో నిజాయితీ ఉంది. తవ్వకముందే అనే ‘లేదు’ మన బద్ధకం. ఆ బద్ధకం బడిలో ఉంటే నష్టపోయేది బిడ్డ.

తోటి ఉపాధ్యాయులారా, సంతలో అమ్మ పక్కన కూర్చుని ఇప్పపువ్వు అమ్మి, చిల్లర సరిగ్గా లెక్కపెట్టి ఇచ్చే పిల్ల మన తరగతిలో మౌనంగా ఉంటుంది. ఈ పిల్లకు లెక్కలు ఎప్పటికీ రావని రాసే ముందు, ఒక్కసారి ఆ పిల్ల భాషలో అడిగి చూద్దాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ గురించి ఎవరైనా ‘ఊహకు కూడా అందదు’ అంటే, అందనిది ఎవరి ఊహకో అడగండి. నాలాగా తలూపకండి.