యాత్రికుని ఋణము

దూరదేశములందలి ప్రసిద్ధస్థలములను చూచి వచ్చిన మాత్రమున మనుష్యుడు పెద్దవాడగునా? ఈ ప్రశ్న చూపునకు చిన్నదే. కాని పెర్మిలి, ఆలపల్లి, అహేరి, సిరోంచ ప్రాంతములందు స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు ఇది ఇప్పుడు తప్పక ఆలోచింపదగినది. మన పెద్దలు నది దాటి కాళేశ్వరము పోయి వచ్చుటయే గొప్ప యాత్రగా భావించిరి. నేడు సెలవులు వచ్చినచో మన పిల్లలు జయపురము, ఉదయపురము, జోధపురము, చిత్తోర్‌గఢ్ చూచి వచ్చుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. ఆ సంతోషమును నిందించుట నా ఉద్దేశము గాదు. చూచినవాడు ఆ స్థలమునకు ఏమైన ఋణపడునా, పడినచో ఆ ఋణమును ఎక్కడ తీర్పవలెను అనునదే ఇచ్చట విచారింపదలచిన సంగతి.

‘కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒకటే’ అని మన పూర్వులు అనెడివారు. అంత కష్టమైన యాత్రకు కొన్ని కట్టుబాట్లును ఉండెను. కాశికి పోయినవాడు తనకు ప్రియమైన కాయనో పండునో అక్కడ విడిచి రావలెను. జీవితాంతము దానిని మరల ముట్టరాదు. దీనిని మూఢాచారమని నవ్వువారు కలరు. కాని ఇందులో నొక ధర్మసూక్ష్మము కలదు. గొప్ప స్థలమును చూచినవాడు పోయినవాడు పోయినట్లుగా తిరిగి రాకూడదు. తనలోనిది ఏదో యొకటి అక్కడ వదలి, కొంత మారి రావలెను. నేటి విహారయాత్రలో తెచ్చుకొనుట దండిగా నున్నది: లక్కగాజులు, బాంధనీ చీరలు, సెల్‌ఫోను నిండ ఛాయాచిత్రములు. విడిచి వచ్చునది మాత్రము ఖాళీ నీళ్లసీసాలు తప్ప వేరొండు కానరాదు.

యాత్రను ధర్మముగా నెరపిన తెలుగువారిలో ఏనుగుల వీరాస్వామయ్య అగ్రగణ్యుడు. ఆయన చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఉద్యోగి. 1830 మే నెలలో బయలుదేరి, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చెను. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయ్యెను. దేవాలయములను గూర్చి మాత్రమే వ్రాసి ఆయన ఊరకుండలేదు. బాట ఎట్లున్నది, నీరెక్కడ దొరకును, దినుసులు లభించునా, ఆయా ఊళ్ల జనుల నడవడి యెట్టిది అనునవన్నియు వెనుక వచ్చువానికి పనికివచ్చునట్లు వ్రాసెను. తాను చూచినది పరులకు ఉపయోగపడవలెనను ఈ బుద్ధియే యాత్రికుడు చెల్లింపవలసిన మొదటి వడ్డీ.

ఇక రాజపుత్ర నగరముల మాట. వాని ఘనతను కాదనువాడెవ్వడు? రావల్ జైసల్ 1156లో జైసల్మేరును, రావ్ జోధా 1459లో జోధపురమును, రాణా ఉదయసింహుడు 1559లో ఉదయపురమును, సవాయి జయసింహుడు 1727లో జయపురమును స్థాపించిరి. జయసింహుడు రాజే గాక జ్యోతిశ్శాస్త్రవేత్త. ఆయన జయపురమున కట్టించిన జంతర్ మంతర్ 2010లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కెను. రాజస్థానపు ఆరు దుర్గములు 2013లోను, జయపుర నగరము 2019లోను ఆ జాబితాలో చేరినవి. ఇట్టివానిని కన్నులార చూడగోరుట సహజము.

అయితే చిత్తోర్‌గఢ్‌లో నిలిచినవాని మనస్సు ఒక్క ఆశ్చర్యముతో తృప్తి పడరాదు. ఆ కోట 1303లో ఖిల్జీ అల్లావుద్దీనుచేత, 1535లో గుజరాతు బహదూరుషాచేత, 1568లో అక్బరుచేత పట్టుబడెను. అగ్నిలో ప్రవేశించిన స్త్రీల కథ చెప్పునప్పుడు మార్గదర్శి గొంతు పెంచును. వినువారు ఒడలు పులకరించినదందురు. ఆ పులకరింత ఎట్టిదో ఎవరికి వారు విచారించుకొనవలెను. పరుల మరణము మనకు వినోదమైనచో అది పాపము; వారి దుఃఖము ఒక్క క్షణమైనను మనదైనచో అది పుణ్యము. 1568లో కోట పడిన తరువాత జరిగిన సంహారములో సుమారు 30,000 మంది చనిపోయిరని అక్బరు ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజలే వ్రాసియున్నాడు. వారిలో పెక్కుమంది కోటలో తలదాచుకొని, పోరాటమునకు తోడ్పడిన రైతులు. వీరులైన జైమల్, పత్తాలకు అక్కడ ఛత్రీలు కలవు. ఆ రైతుల పేళ్లు మనకు దక్కలేదు.

జోధపురపు మెహ్రాన్‌గఢ్ కోటకు పునాది వేయునప్పుడు రాజారామ్ మేఘవాల్ అను నతడు సజీవముగా పూడ్చబడెనని అక్కడి ఐతిహ్యము. అతని జ్ఞాపకార్థము కోటలో నొక శిలాఫలకము కలదు. అదే నగరమందలి ఉమైద్ భవనమును 1929లో ప్రారంభించి 1943లో ముగించిరి. కరువుచే పీడితులైన ప్రజలకు పని కల్పించుటకై దానిని కట్టించిరి. ఒక కట్టడము క్రింద మనుష్యుడు పోయెనందురు, మరియొక కట్టడము వలన మనుష్యులు బ్రతికిరి. దూరము నుండి చూచినచో రెండును రాతి సౌందర్యములే. జైసల్మేరు కోటలో నేటికిని జనులు కాపురముండుచున్నారు. కుళాయి నీటి వాడకము పెరిగి, మురుగు పోవు మార్గము చాలక, నీరు పునాదులలోనికి ఇంకుటచేత అక్కడ కొన్ని కట్టడములు కూలినవి. ఆ నీటిలో అతిథుల స్నానపు నీరును కొంత కలదు. అనగా మనము చూచుటకు పోవుటయే చూడదగినదానిని కొంత తినివేయుచున్నది.

‘నాలుగు దినములు విశ్రాంతికై పోయినవానికి ఈ లెక్కలన్నియు ఏల?’ అని ఒకరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కచేరీలో జీవితమంతయు కాగితములు వ్రాసిన నాబోటి గుమాస్తాకు ఒక్క సంగతి బాగుగా తెలియును. కాగితము తయారుచేయు చేయి ఒకటి, క్రింద సంతకము చేయు చేయి మరియొకటి. దస్త్రములో నిలుచునది సంతకమే. కోటలును అట్టి దస్త్రములే. సంతకమును మాత్రము చూచి వచ్చినవాడు కాగితమును చదువలేదు. తెలిసికొని చూచినందున ఆనందము తగ్గదు. దానికి కొంత బరువు కలుగును. ఈ విషయమున మన తెలుగునేల మంచి ఉదాహరణము చూపినది. పాలంపేటలోని దేవాలయమును 1213లో రేచర్ల రుద్రుడను సేనాని కట్టించెను. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆ గుడిని జనులు రామప్పగుడి అందురు. అది శిల్పి పేరని లోకప్రతీతి. కట్టించినవాని పేరును శాసనము నిలిపినది, చెక్కినవాని పేరును జనుల నాలుక నిలిపినది.

ఈ చూపును రాజస్థానములో నేర్చినవాడు దానిని ఇంటికి తెచ్చుకొనవలెను. ‘పెరటి చెట్టు మందుకు రాదు’ అను సామెత మన పట్ల నిజమైనది. మేవాడు రాజచిహ్నమున ఒక ప్రక్క రాజపుత్రుడును, మరియొక ప్రక్క విల్లు ధరించిన భిల్లుడును ఉందురు. అడవిజనుల తోడు లేనిదే ఆ రాజ్యము నిలువలేదని రాజులే ఒప్పుకొని చిత్రించిరన్నమాట. మన పిల్లలు దానిని చూచి మెచ్చుకొందురు. మన ఇరుగుపొరుగున నున్న గోండులు, మాడియాలు ఏ చరిత్రకు వారసులో వారికి తెలియదు.

మహోబాకు చెందిన చందేల రాజపుత్ర కన్య దుర్గావతి గఢా గోండు రాజ్యపు దళపతిషాను వివాహమాడెను. భర్త మరణించిన పిమ్మట రాజ్యమేలి, 1564లో అక్బరు సేనతో పోరాడి ప్రాణములు విడిచెను. చిత్తోర్‌గఢ్ పడినది ఆ తరువాత నాలుగేండ్లకే. పద్మిని కథ నోటికి వచ్చిన మన పిల్లలలో దుర్గావతిని ఎరిగినవారెందరు? మన చంద్రపురము గోండురాజుల రాజధాని. దాని ప్రాకారము, ద్వారములు నేటికిని కలవు. 18వ శతాబ్దపు ఆరంభమున రాణీ హీరాయి తన భర్త బీర్‌షాకు అక్కడ సమాధిమందిరము కట్టించెను. మహాకాళి గుడియు ఆమె కట్టించినదే. అహేరి ప్రాంతపు మోలంపల్లి జమీందారు బాబూరావు శెడ్మాకే ఆంగ్లేయులపై తిరుగుబాటు చేసి, 1858 అక్టోబరు 21న చంద్రపురపు చెరసాలలో ఉరితీయబడెను. వైనగంగ ఒడ్డున మార్కండ దేవాలయములు పిడుగుపాటుకు గురియై, శిథిలములయ్యును శిల్పసౌందర్యమును విడువలేదు. కోటి రూపాయల విద్యుద్దీపములు లేనందున ఇవి చిన్నవగునా?

ఇంకొక సంగతి కలదు. ఆలపల్లి నుండి పెర్మిలి మీదుగా భామరాగఢ్ పోవు బాటలో దూరపు పట్టణముల నుండి వచ్చిన కొందరు బండి ఆపి, మాడియా స్త్రీలను అడుగకయే ఛాయాచిత్రములు తీయుదురు. నీళ్లు మోసుకొని పోవుచున్న మనుష్యురాలు వారికి ‘దృశ్యము’. దానిని చూచి మనకు మనసు చివుక్కుమనును. అట్లయినచో జైసల్మేరు సందులో, తన ఇంటి గడపలో కూర్చున్న ముసలమ్మకును మన చూపు అట్లే తగులునని గ్రహింపవలెను. మనుష్యుడు ఎక్కడను ప్రదర్శనవస్తువు కాడు.

1860లో నిజాము గోదావరి ఎడమ గట్టు తాలూకాలను ఆంగ్లేయులకిచ్చినప్పుడు సిరోంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యస్థానమయ్యెను; ఆ జిల్లా 1874లో రద్దయ్యెను. 1960లో మహారాష్ట్రము, 1982లో గఢ్చిరోలి జిల్లా ఏర్పడెను. ఏలుబడులు మారినవి, మన ఇంటిభాష తెలుగుగనే నిలిచినది. ఇన్ని తరములు ఈ నేల గింజలు తిని, ఈ అడవి నీడన బ్రతికి, మనమింకను ‘ఇక్కడ చూడదగినదేమున్నది?’ అందుమా? ఈ సిరోంచ భూమిలోనే 1958 మొదలు 1961 వరకు త్రవ్విన ఎముకలతో బరపాసారస్ అను మహాకాయపు ప్రాచీన జంతువు తెలియవచ్చెను. దాని అస్థిపంజరము కలకత్తాలో నిలిపియున్నది. ఆలపల్లి దగ్గరి ప్రాచీన వనభాగమును 2014లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించిరి. లోకము మన నేలను చూచినది. చూడనిది మనమే.

ఋణము తీర్చు మార్గము కష్టమైనది కాదు. 2017లో చంద్రపురపు స్వచ్ఛందసేవకులు పలుగు, పార పట్టి, కోటగోడపై పెరిగిన పొదలను, పోగుపడిన చెత్తను తొలగింప మొదలిడిరి. వారు ఏ రాజవంశపువారును కారు. రాజస్థానము పోయి వచ్చిన ప్రతి కుటుంబమును ఆ సంవత్సరమే పిల్లలను మార్కండకో, చంద్రపురపు కోటకో తీసికొనిపోవుగాక. తాము విన్న పాత ఊరి సంగతులను, పొరుగు గోండు పెద్దలు చెప్పిన కథలను తెలుగులో వ్రాసిపెట్టుగాక. కాశిలో పండు విడిచినట్లు, ఈ యాత్రికుడు విడువదగినది ఒక్కటి కలదు: గొప్పతనమంతయు పరదేశమున నున్నదను భ్రమ. దానిని చిత్తోర్‌గఢ్ మెట్లమీదనే విడిచి వచ్చినవాడు ధన్యుడు. అట్టి యాత్రలు మన ఇండ్లలో వర్ధిల్లుగాక.