పౌరసత్వము పోయినచో బంధము పోవునా?



మన నాందేడు 1948 వరకు నిజాము ఏలుబడిలో ఉండెను. 1950 జనవరి 26 నాటికి మన పెద్దలు ఏ దరఖాస్తూ పెట్టకుండానే భారత పౌరులైరి. 1956లో మన జిల్లా బొంబాయి రాష్ట్రములో చేరెను, 1960లో మహారాష్ట్రలో భాగమాయెను. అయినను వారి పౌరసత్వము మారలేదు. మన దేశములో రాష్ట్రమునకొక పౌరసత్వము లేదు గదా.

1955 నాటి చట్టము ప్రకారము పౌరసత్వము పుట్టుక, వంశము, నమోదు, దీర్ఘనివాసము మొదలగు వాటివలన వచ్చును. 1987 జూలై 1 మొదలు పుట్టినవారికి ఇక్కడ పుట్టుట ఒక్కటే చాలదు. అది పోవుట మూడు విధములు: తానే వదలుకొనుట, వేరొక దేశ పౌరసత్వము కోరి పుచ్చుకొనుట, మోసము మొదలగు కారణములచే ప్రభుత్వము రద్దుచేయుట.

అమెరికా పౌరుడైన కుమారుని గూర్చి ఒక తల్లి మమ్మును అడిగెను: "మాస్టారూ, ఓటర్ల జాబితాలో వాడి పేరు ఉండనివ్వకూడదా? తీసేస్తే వాడు నాకు పరాయివాడైనట్టుంటుంది."

తీయించవలెననియే చెప్పితిమి. అక్కడ ప్రమాణము చేసిననాడే ఇక్కడి పౌరసత్వము ముగిసెను. ఓ.సి.ఐ. కార్డు రాకపోకలకు ఉపయోగపడును గాని ఓటు హక్కు నియ్యదు. దేశము మారుట ద్రోహము కాదు, చట్టమే ఆ దారి నుంచినది. మారియు మారనట్లు నటించుట మాత్రము అబద్ధము.

పౌలు పుట్టుకతో రోమీయుడు, సహస్రాధిపతి సొమ్మిచ్చి ఆ హక్కు పొందినవాడు. హక్కు వచ్చిన దారి ఏదైనను దాని భారము ఒక్కటే.

అయితే తల్లికి మందులు కొనిపెట్టు బాధ్యతను ఏ చట్టమును రద్దు చేయలేదు. కుమారుని పేరు జాబితాలో వెదకుకొను తల్లికి వారమునకొక ఫోనైనను రావలెను.