గుంట అడుగు వరకు

ధ్యానభాగములు: యెషయా 58:1–12, నిర్గమకాండము 21:33, 34

ఢిల్లీ నగరమునకు తూర్పున, గాజియాబాదు జిల్లాలో వైశాలి అను నివాసప్రాంతమున్నది. 2011 జూలై మాసములో మెట్రో రైలు అక్కడికి చేరినది. అచ్చటి ఎత్తైన మేడలలో ఒకదానిలో, కుమారునియొద్ద కాలము గడుపుచున్న తెలుగు సంఘపెద్ద నొకనిని మనస్సున ఊహించుకొందము. వానకాలము. కిటికీ క్రింద వీధిలో నీరు నిలిచి, గుంట యెక్కడనున్నదో తెలియక వాహనములు తడబడుచున్నవి. ఆ సమయముననే స్వగ్రామమునుండి తమ్ముని కుమారుడు ఫోను చేసెను.

"పెదనాన్నా, మన బాటలో మరల గుంటలు పడినవి. పోయిన యేడు మీరు పంపిన డబ్బుతో పోయించిన కంకర అంతయు చెదరిపోయినది."

ఆ బాట ఊరి రోడ్డునుండి పొలము గట్టు వెంబడి సాగి, అన్నదమ్ముల రెండిండ్ల ముంగిళ్లకు చేరు కంకర బాట. ఆ యిద్దరి మధ్య మాటలు నిలిచి తొమ్మిది సంవత్సరములైనది. తండ్రి మరణించిన పిమ్మట సరిహద్దురాయి విషయమై తగవు రాగా, అన్న పదిమంది యెదుట తమ్ముని "దొంగ" అనెను. రాయిని ఎవరును జరుపలేదని తరువాత కొలతలో తేలినది. అయినను ఆ మాట వెనుకకు తీసికొనబడలేదు. ప్రతి క్రిస్మసుకు అన్న వైశాలినుండి తమ్ముని పిల్లలకు బట్టలు పంపును. ప్రతి యేడు బాటకు కంకర వేయించును. బట్టలు చినిగిపోవుచున్నవి, కంకర చెదరిపోవుచున్నది. గుంటలు మాత్రము నిలిచియున్నవి.

పోసిన కంకర యేల నిలువదు? గుంటను పెంచునది చక్రము ఒక్కటే కాదు. నిలిచిన నీరే దానికి మూలము. నీరు అడుగునున్న మట్టిని మెత్తపరచును. చక్రము దిగినప్పుడెల్ల సన్నని మట్టి ఆ నీటితో కలిసి బయటికి చిమ్మును. పట్టు తప్పిన రాళ్లు ప్రక్కలకు దొర్లును. అట్టి నీటిలో ఎంత కంకర కుమ్మరించినను అది కొన్ని దినములు కంటికి ఇంపుగా ఉండి తొలగిపోవును. స్కాట్లండు దేశస్థుడైన జాన్ లౌడన్ మెకాడం (1756–1836) రోడ్లు వేయువారికి నేర్పినదియు ఇదియే: బరువును నిజముగా మోయునది అడుగునున్న పొడినేల, పైనున్న రాతిపొర దానిని నీటినుండి కాపాడవలెను.

కావున పని తెలిసినవారు మొదట గుంటలోని నీటిని బయటికి మళ్లింతురు. బురదను పారతో ఎత్తివేసి, గునపముతో అంచులను కోసి, గట్టినేల తగులువరకు త్రవ్వుదురు. పిమ్మట చిన్న పెద్ద రాళ్లు, బంకగల మొరము కలిపి, కొద్దిగా తడిపి, పొరలు పొరలుగా వేసి, ఒక్కొక్క పొరను దిమ్మిసతో కొట్టుదురు. తుదకు బాట నడుమను ఎత్తుచేసి, మీటరుకు సుమారు 4 సెంటీమీటర్ల వాలు ఇరువైపుల ఉంచుదురు. ఏలయనగా నీరు మరల నిలిచినయెడల గుంట మరల పుట్టును.

ఈ పనిలో ఒక సంగతి గమనింపదగినది. పూడ్చబడుటకు ముందు గుంట పెద్దదగును. చూచువాడు, "ఉన్నదానిని మరింత పాడుచేయుచున్నారే" అనును. పశ్చాత్తాపమును అట్టిదే. మరుగుపరచినదానిని ఒప్పుకొనునప్పుడు సిగ్గు పెరుగును, గాయము వెడల్పగును. అందుచేతనే అనేకులు త్రవ్వుటకు వెరచి, పైన కంకర పోయుదురు. కానుకలు మంచివే, మర్యాదలును మంచివే. అయితే బురదమీద పోసిన మంచి కంకరయు బురదలోనే కలియును.

యెషయా కాలపు జనులు ఉపవాసమును ఈలాగుననే వాడుకొనిరి. వారు తల వంచిరి, గోనె పరచుకొనిరి. అదే దినమున కలహమాడి పిడికిలితో కొట్టుకొనిరి. ప్రవక్త వారి ఉపవాసమును కొట్టివేయలేదు గాని దాని అడుగును త్రవ్వెను. కాడి తీసివేయుడనియు, వ్రేలు చూపి నిందించుట మానుడనియు హెచ్చరించెను. ఆ పిమ్మటనే, పండ్రెండవ వచనములో, త్రోవలను బాగుచేయువాడను బిరుదు కనబడుచున్నది.

దానికి ముందటి అధ్యాయములో, 57:14లో, మార్గమును సిద్ధపరచుడని చెప్పుటకు ప్రవక్త వాడిన హెబ్రీ క్రియ "సాలల్". ఎత్తుచేయుట, కుప్పగా పోయుట అని దాని భావము. రాజమార్గమునకు పేరైన "మెసిల్లా" అను మాట దీనినుండియే పుట్టినది. నేలకంటె ఎత్తు చేయబడినదే మంచి మార్గము. యూదుల మిష్నాలో షెకాలీము అను భాగము, పస్కాకు సుమారు ఒక నెల ముందు, అదారు మాసము 15వ దినమున, మార్గములను వీధులను బాగుచేయుదురని తెలుపుచున్నది. శీతకాలపు వానలు త్రోవలను పాడుచేసియుండును. యాత్రికులు యెరూషలేమునకు రావలసియుండును. పండుగకు ముందు గుంటలు పూడ్చవలెను!

మోషే ధర్మశాస్త్రము మరింత సూటిగా మాటలాడుచున్నది. గుంటను త్రవ్వి కప్పనివాడేగాక, ఉన్న గుంటపై కప్పును తీసి విడిచినవాడును బాధ్యుడే. దానిలో ఎద్దైనను గాడిదయైనను పడి చచ్చినయెడల అతడే వెల చెల్లింపవలెను. పాత తగవుల కప్పు తీయువారలు ఈ ఆజ్ఞను రెండుమారులు చదువవలెను.

గుంటను తాను త్రవ్వకపోయినను బాధ్యత వహించినవాడొకడు తెలుగునాట కలడు. రైల్వే ఇంజనీరుగా పనిచేసి 2008లో పదవీవిరమణ చేసిన గంగాధర తిలక్ కాట్నం హైదరాబాదులో కారు నడుపుచుండగా, చక్రము గుంటలో పడి బురదనీరు బడిపిల్లలమీద చిందెను. అది అతని మనస్సును పొడిచెను. 2010 మొదలుకొని అతడు స్వహస్తములతో గుంటలు పూడ్చసాగెను. పింఛను సొమ్ము దానికి వెచ్చించెను. భార్య వెంకటేశ్వరి అతనికి తోడయ్యెను. ప్రజలు అతనిని "రోడ్ డాక్టర్" అని పిలిచిరి. "ఈ గుంట నాది కాదు" అను మాట అతని నోట రాలేదు. త్రవ్వనివాడే ఇట్లు వంగి పనిచేయగా, త్రవ్వినవాడు నిటారుగా నిలువవచ్చునా?

జక్కయ్య నిలువలేదు. ప్రభువు అతని యింట అడుగుపెట్టగానే, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి ఇచ్చెదననెను. ఆ చెల్లింపు వలన ప్రభువు అతని యింటికి రాలేదు. ప్రభువు వచ్చినందున అతడు చెల్లించెను. ఈ క్రమము మారరాదు. ఏ గుంటయు త్రవ్వని క్రీస్తు మానవుడు త్రవ్వుకొన్న గుంట అడుగువరకు దిగెను. మనము ఎంత లోతుగా త్రవ్వినను, అక్కడ తగులు గట్టినేల ఆయనయే. కనుక త్రవ్వుటకు వెరవనక్కరలేదు.

వైశాలిలోని ఆ పెద్ద ఆ రాత్రి కంకరకు డబ్బు పంపలేదు. తొమ్మిది సంవత్సరముల తరువాత తమ్మునికి తానే ఫోను చేసెను.

"తమ్ముడూ, ఆనాడు నిన్ను దొంగ అన్నాను. అది అబద్ధము. పదిమందిలో అన్నాను, వచ్చి ఆ పదిమందిలోనే తప్పు ఒప్పుకొందును."

అవతలనుండి చాలసేపు మాట రాలేదు. తుదకు తమ్ముడు, "వానలు తగ్గనీ అన్నయ్యా, అప్పుడు రా" అనెను. అది క్షమాపణయో కాదో పెద్దకు తెలియలేదు. శక్యమైనంతవరకు, తనచేత అగునంతవరకు సమాధానముగా ఉండుటయే విశ్వాసికి నియమింపబడిన పని. నీరు మళ్లినది, గట్టినేల తగిలినది. ఇక పొరవెంబడి పొర వేయవలసియున్నది.

ప్రార్థన: మార్గమై యున్న ప్రభువా, మేము త్రవ్విన గుంటలను మాకు చూపుము. వాటిపై కంకర చల్లి తృప్తిపడనీయకుము. అడుగువరకు త్రవ్వు ధైర్యమును, పొర వెంబడి పొర వేయు ఓర్పును మాకు దయచేయుము. ఆమేన్.