సంసారం ఉంది గదా!



దేవుని చిత్తమే నెరవేరాలని పరలోక జపములో ప్రతిదినము వేడుకొంటాము. కాని కుమారునికి కట్నం మాట్లాడేటప్పుడు, పొలం గట్టు జరిపేటప్పుడు, ఆదివారం పూజ మాన్పించి బిడ్డను ట్యూషన్‌కు పంపేటప్పుడు "సంసారం ఉంది గదా, పిల్లల భవిష్యత్తు చూడవద్దా?" అంటాము.

ఫ్రాన్స్ యేగర్‌స్టెటర్‌కు కూడా లోకం ఈ మాటే చెప్పింది. ఆయన ఆస్ట్రియాలోని సెయింట్ రాడెగుండ్ గ్రామపు రైతు. విచారణ గుడిలో పూజకు కావలసినవి సిద్ధం చేసేవాడు. అన్యాయపు యుద్ధమని హిట్లర్ సైన్యంలో ఆయుధం పట్టనన్నాడు. భార్యను, ముగ్గురు ఆడబిడ్డలను తలచుకొమ్మని ఇరుగుపొరుగువారే కాదు, గురువులు సైతం నచ్చజెప్పారు. 1943 ఆగస్టు 9న ఆయనకు శిరచ్ఛేదం జరిగింది. భార్య ఫ్రాంజిస్కా కష్టపడి బిడ్డలను పెంచింది. 2007లో ఆయనను ధన్యునిగా ప్రకటించిన పూజలో, 94 ఏండ్ల ఆ తల్లి కూడా ఉన్నది.

ఆయనకు ఇంటివారిమీద ప్రేమ తక్కువా? కానే కాదు. చెరసాలనుండి భార్యకు వ్రాసిన ఉత్తరాలే అందుకు సాక్ష్యం. అయితే భార్యాబిడ్డలు ఉన్నంత మాత్రాన దేవుని నొప్పించే హక్కు రాదని ఆయన విశ్వాసం.

మనలను ఎవరూ ప్రాణం అడగడం లేదు. దేవుడు అడిగేది ఒక కట్నం వదలుకోవడం, ఒక గట్టు సరిచేయడం, ఆదివారం ఒక గంట. ఈ వారం ఇంటిల్లిపాది జపమాల ముగించి, "ఇది దేవునికి ఇష్టమేనా?" అని ముందుగా అడుగుదాం. లాభనష్టాలు ఆ తరువాత లెక్కిద్దాం.

దేవుడు మీ కుటుంబాలను ఆశీర్వదించునుగాక! ఆమెన్.