కాలువ గట్టున ఎదిగిన విశ్వాసము

ధ్యాన భాగము: యోహాను 6:26-27



కడుపు నిండినందున తన్ను వెదకుచు పడవలెక్కి వచ్చిన జనులతో ప్రభువు మాటలాడిన సంగతి ఈ భాగములో చదువుచున్నాము. ఆయన వారి ఆకలిని చులకన చేయలేదు. ముందు రొట్టె పెట్టెను. పిమ్మట రొట్టెతోనే ఆగిపోవద్దని హెచ్చరించెను.

మన పితరులు గంజి కొరకు మతము పుచ్చుకొనిరని నేటికిని కొందరు మన యెదుట అందురు. దీనికి కోపముతో గాక సత్యముతో ఉత్తరమియ్యవలెను.

1866లో ఒంగోలుకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు యౌవనమున తన దేశములో భూములు కొలుచు సర్వేయరు పని నేర్చినవాడు. 1876-78 మహా కరువులో ఆ విద్య అక్కరకు వచ్చెను. సముద్రతీరపు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పనిని ఆయన కంట్రాక్టు పుచ్చుకొనెను. ఏలయనగా ఇతర చోట్ల మేస్త్రీలు మాదిగ సహోదరులను బాధించుచుండిరి. ఇక్కడనైతే గుడిసెలు వేయించి, బోధకులనే మేస్త్రీలుగా నియమించెను. వేలాదిమంది మన్ను మోసి, కూలి పుచ్చుకొని, అలసట తీర్చుకొను వేళ సువార్త వినిరి.

బాప్తిస్మము కోరినవారు అనేకులుండిరి. అయినను ఆయన ఏడాదికి పైగా ఎవరికిని ఇయ్యనియ్యలేదు. కూటి కొరకు వచ్చినవారెవరో, క్రీస్తు కొరకు వచ్చినవారెవరో తేలవలెనని కనిపెట్టెను. కరువు సహాయము ఇక లేదని చెప్పిన తరువాతను వారు తిరిగిపోలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి వద్ద, 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ దినమున దొరగారు నీళ్లలోనికి దిగలేదు. మన తెలుగు బోధకులే ఇద్దరిద్దరుగా వంతులు వేసికొని బాప్తిస్మమిచ్చిరి.

గనుక మన పితరులు బిచ్చమెత్తి క్రైస్తవులు కాలేదు. చేతులు కాయలు కాచునట్లు పనిచేసి, కనిపెట్టి, చేరిరి.

మన సంగతి యేమి? పొరుగువాడు ఆకలిగొన్నప్పుడు మానెడు బియ్యమిచ్చి, ఆదివారము గుడికి వచ్చెదవా అని అడుగుట తగదు. బియ్యము బియ్యముగానే ఇయ్యుదము. సువార్తను సువార్తగానే చెప్పుదము. పంట పండిన యేట వచ్చి, వాన తప్పిన యేట మానివేయు భక్తి మనలో ఉన్నదేమో పరీక్షించుకొందము.

ప్రభువా, చేతికి పనిని, ఆకలికి అన్నమును దయచేయుము. ఇవి రెండును లేని దినమున సహితము నిన్ను విడువని మనస్సు మాకిమ్ము. ఆమేన్.