సందేహించేవాని ధర్మం

చలి శివరాత్రికి "శివశివా" అనుకుంటూ వెళ్లిపోతుందని మన పెద్దలు చెప్పేవారు. ఈ మాటలో చమత్కారం ఎంత ఉన్నదో నమ్మకం కూడ అంత ఉన్నది. చలి వస్తుంది, కొన్నాళ్లు ఉంటుంది, చెప్పిన నాటికి పోతుంది. మర్యాద తెలిసిన చుట్టం వలె వేళకు రావడమూ వేళకు లేవడమూ దానికి తెలుసు. ఋతువులకు ఒక మాట ఉన్నదనీ, ఆ మాటను అవి నిలబెట్టుకుంటాయనీ నమ్మే మనిషి విత్తనం చల్లాడు, పండుగలు నిర్ణయించుకున్నాడు, చేతిలో ఉన్న నాలుగు డబ్బులతో కంబళి కొనడమా, అప్పు తీర్చడమా అని ఆలోచించుకున్నాడు.

కంబళి మాట ఊరక రాలేదు. ప్రేమ్‌చంద్ 1930లో ప్రకటించిన 'పూస్ కీ రాత్' కథ చదివినవారికి హల్కూ గుర్తుండే ఉంటాడు. కంబళి కోసం కూడబెట్టిన మూడు రూపాయలను అప్పులవానికి ఇచ్చివేసి, గడ్డకట్టే చలిలో పొలం కావలికి పోయిన పేదరైతు అతడు. మనుబోతులు చేలో పడి మేస్తున్న చప్పుడు వినబడుతున్నా, చలికి కదలలేక కూర్చుండిపోయాడు. హిందీనుంచి తెలుగు చేయడమే పనిగా ఇన్నేళ్లు గడిపిన నాకు ఈ కథ పేరులోనే ఒక చిక్కు ఉన్నది. ఉత్తరాదివారి నెల పున్నమితో ముగుస్తుంది, మనది అమావాస్యతో ముగుస్తుంది. అందుచేత వారి పూస్ మన పుష్యం కంటె ఒక పక్షం ముందుగా మొదలవుతుంది. ఈ తేడాను అడుగున ఒక వివరణ వ్రాసి సరిపెట్టవచ్చు. కాని మా అన్నయ్యగారి అమ్మాయి ఆ కథ చదివి నన్ను అడిగిన ప్రశ్నకు అటువంటి వివరణ చాలలేదు.

"బాబాయ్, పంట పోతుంటే చూస్తూ కూర్చునేటంత చలి ఉంటుందా? పోనీ, ఉండేదే అనుకుందాం. ఇప్పుడు చలి తగ్గుతున్నదంటున్నారు. అది హల్కూ వంటివారికి మంచిదే కదా?"

ఇది తెలియక అడిగిన ప్రశ్న అని తోసివేయరాదు. కంబళి లేనివానికి వెచ్చని రాత్రి దైవమిచ్చిన వరమే. చలికాలంలో చలి తగ్గితే దిగులు పడడం కడుపు నిండినవారి వేడుక అని ఎవరైనా అంటే, ఆ మాటలో కొంత సత్యం ఉన్నది. ఐతే హల్కూకు వీపు ఒక్కటే కాదు, చేను కూడ ఉన్నది. ఉత్తరాది పొలాలలో గోధుమ గింజ పాలుపోసుకొని గట్టిపడేది ఫిబ్రవరి, మార్చి నెలలలో. అప్పుడు వేడి ఎక్కువైతే గింజ నిండకముందే ముదిరి నొక్కుపడిపోతుంది. 2022 మార్చిలో అదే జరిగింది. 1901 నుంచి ఉన్న లెక్కలలో దేశానికి అంతటి వేడి మార్చి అంతవరకు లేదు. గోధుమ దిగుబడి తగ్గింది. ఆ మే నెలలో ప్రభుత్వం గోధుమ ఎగుమతులను నిషేధించింది. వెచ్చని చలికాలం హల్కూ వీపుకు ఇచ్చినదానిని అతని గాదెలోనుంచి తీసుకొనగలదు.

కొన్నేళ్లుగా చలికాలంలో కొన్ని వారాలు కుమావూఁ కొండలలో గడపడం నాకు అలవాటు. అక్కడ బురాన్ష్ అనే చెట్టు ఉన్నది. అడవి అంతా అంటుకున్నదా అనిపించేటంత ఎర్రగా పూస్తుంది. అది ఉత్తరాఖండ్ రాష్ట్రవృక్షం. ఫాల్గుణం ముదిరి చైత్రం వచ్చే వేళకు అది నిండుగా పూయడం ఆనవాయితీ. మార్చి నడుమ వచ్చే సంక్రమణం నాడు అక్కడి పిల్లలు తెల్లవారకముందే లేచి, బురాన్ష్ పూలూ, ఫ్యోలీ అనే పసుపుపచ్చని పూలూ ఏరుకొని వచ్చి ఇంటింటి గడప మీద పెడతారు. దానిని ఫూల్‌దేఈ అంటారు. ఇంటివారు ఆ పిల్లలకు బియ్యం, బెల్లం ఇస్తారు. ఈ మధ్య కొన్ని చలికాలాలలో బురాన్ష్ జనవరిలోనే అక్కడక్కడ పూస్తున్నది. చూసేవారికి అది కన్నులపండువే. కాని ఆ పూవు తేనె కోసం వచ్చే పిట్టా, తేనెటీగా వేరొక లెక్క ప్రకారం నడుస్తున్నవి. విందు ముందు జరిగిపోయి చుట్టాలు తరువాత వచ్చిన ఇల్లు వలె అవుతుంది అడవి.

ఒక సాయంకాలం టీ దుకాణం దగ్గర ఇద్దరి సంభాషణ విన్నాను. ఒకరు అడవిశాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి, ఇంకొకరు నడివయసు బడిపంతులు.

"దాజ్యూ, లోకమంతా వేడెక్కుతున్నది. ఎలుగుబంట్లకు కూడ నిద్ర పట్టడం లేదు" అన్నాడు పంతులు. దాజ్యూ అంటే ఆ వైపు భాషలో అన్నయ్య.

"నా చిన్నతనంలోనూ మంచు పడని ఏళ్లు ఉన్నవి. ఎలుగు ఊళ్లోకి దిగితే, దాని నిద్ర సంగతి తరువాత చూద్దువుగాని, ముందు మీ ఊరి చివర చెత్తకుప్ప చూడు" అన్నాడు పెద్దాయన.

ఆలోచించిన కొద్దీ ఇద్దరి మాటా నిజమే అనిపించింది. హిమాలయపు నల్ల ఎలుగు ఆహారం దొరకని చలికాలంలో గుహలోనో, చెట్టు తొర్రలోనో పడుకుంటుంది. మంచు తక్కువై, తిండి దొరుకుతూ ఉంటే పడుకోదు. ఆ తిండి అడవిలోని సింధూరపు కాయలు కావచ్చు, మనం పారవేసిన ఎంగిలి కావచ్చు. కారణం ఒకటే ఉండాలని ప్రకృతిలో నియమం లేదు. ఐతే ఒక సంగతి మాత్రం ఈ తర్కానికి అందకుండా ఉండిపోయింది. తెల్లవారి కొడవలి పట్టుకొని పశువుల గడ్డికి అడవికి పోయే స్త్రీకి, మెలకువగా ఉన్న ఎలుగు ఏ కారణంచేత మెలకువగా ఉన్నదో అడిగే వ్యవధి ఉండదు.

ఇక్కడ సందేహించేవారికి న్యాయం చేయవలసి ఉన్నది. వారు చెప్పే మాటలలో తోసిపుచ్చరానివి కొన్ని ఉన్నవి. ఒక చలికాలం వెచ్చగా ఉన్నంతమాత్రాన యుగం మారినట్టు కాదు. హిమాలయాలలో చలికాలపు మంచు పడమటినుంచి వచ్చే వాయుగుండాలమీద ఆధారపడి ఉంటుంది. అవి ఒక ఏడు ఎక్కువ, ఒక ఏడు తక్కువ. 2024 జనవరిలో కాశ్మీరులోని గుల్‌మార్గ్ వాలులు మంచు లేక బోసిగా ఉన్నవి. ఫిబ్రవరి మొదట మంచు పడగానే దిగులు పడ్డవారిని చూసి నవ్వినవారు ఉన్నారు. భరత్‌పూరు చెరువులకు 2002 తరువాత సైబీరియా కొంగలు రాలేదు. దానిని కూడ వేడి ఖాతాలో వ్రాసేవారు ఉన్నారు. కాని ఆ కొంగలను పోగొట్టినవి ముఖ్యంగా దారిలోని వేటగాళ్ల తుపాకులు, ఎండిపోయిన చిత్తడినేలలు. ప్రతి నష్టాన్నీ ఒకే నేరస్థుని మీద మోపడం విచారణ అనిపించుకోదు.

పండితులు కూడ పొరబడ్డారు. హిమాలయాలలోని హిమానీనదాలు 2035 నాటికే అంతరించవచ్చునని 2007లో అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘం తన నివేదికలో వ్రాసింది. మన భూగర్భశాస్త్రజ్ఞుడు వి.కె. రైనా రచించగా భారత పర్యావరణ మంత్రిత్వశాఖ 2009లో వెలువరించిన పత్రం వేరొక అభిప్రాయం చెప్పింది. 2010 జనవరిలో ఆ సంఘం, 2035 అన్న మాటకు తగిన ఆధారం లేదని ఒప్పుకున్నది. అడిగినవారు ఉండబట్టి తప్పు బయటపడింది. సందేహం శాస్త్రానికి శత్రువు కాదు, దాని ఇంటి కావలి.

ఐతే ఆ తప్పు దిద్దుకున్నాక మిగిలినది ఏమిటి? మంచు కరగడం ఆగలేదు. వేడిని బొగ్గుపులుసు వాయువు పట్టి ఉంచుతుందని 1859లో టిండాల్ ప్రయోగంలో చూపాడు. 1896లో అర్హీనియస్ దానికి లెక్క కట్టాడు. 1958లో హవాయి ద్వీపపు మౌనా లోవా కొండమీద ఆ వాయువును కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలి పదిలక్షల పాళ్లలో అది సుమారు 315 పాళ్లు. 2024లో 424 దాటింది. భారత వాతావరణశాఖ లెక్కలలో 1901 నుంచి 2024 వరకు అన్నిటికంటె వెచ్చని సంవత్సరం 2024. ఈ వేడికి మనిషి కారణమన్నది నిస్సందేహమని 2021లో అదే అంతర్జాతీయ సంఘం ప్రకటించింది. భూమి వేడిమి పెరుగుదలను ఒకటిన్నర డిగ్రీ దగ్గర ఆపగలిగినా, హిందూకుష్ హిమాలయ ప్రాంతపు మంచులో మూడోవంతు ఈ శతాబ్ది చివరికి పోతుందని ఖాట్‌మండులోని పర్వతాభివృద్ధి కేంద్రం 2019లో తేల్చింది. కాబట్టి ఏ ఎలుగు ఏ కారణానికి మేలుకున్నదన్నది వాదించదగిన విషయమే. భూమి వేడెక్కుతున్నదా అన్నది ఇక అటువంటి విషయం కాదు.

మన వేదాంతులు రజ్జుసర్పభ్రాంతిని ఎన్నోవిధాల వివరించారు. మసకచీకటిలో త్రాడు పామై కనిపిస్తుంది, దీపం తెస్తే భ్రాంతి తొలగుతుంది. జ్ఞానానికి ఇది చక్కని దృష్టాంతం. ధర్మానికి మాత్రం ఇంకొక ప్రశ్న కావాలి. దీపం వచ్చేలోగా ఏమి చేయాలి? త్రాడును పాము అనుకొని పక్కకు తప్పుకున్నవాడు కోల్పోయేది ఒక అడుగు. పామును త్రాడు అనుకొని కాలు వేసినవాడు కోల్పోయేది ప్రాణం. రెండూ పొరపాట్లే. కాని రెండు పొరపాట్లకూ ధర ఒకటి కాదు. పైగా కాలు వేసేది మనం కాక, మనం ముందు నడిపిస్తున్న పసిబిడ్డ ఐనప్పుడు "అది పామని ఇంకా రుజువు కాలేదు" అనే అధికారం మనకు ఎక్కడిది?

సందేహించే హక్కుకు నేను పెట్టదలచిన హద్దు ఇది ఒక్కటే. తన సందేహం తప్పైతే దానికి మూల్యం తానే చెల్లించేవాడు ఎంతైనా సందేహించవచ్చు. మూల్యం ఇతరులమీద వేసి, లాభం తన దగ్గర ఉంచుకొనేవాని సందేహం విచారణ కాదు, వాయిదా. ఆ వాయిదాకు వడ్డీ కట్టేది గడ్డికి పోయిన స్త్రీ, గింజ నొక్కుపడ్డ రైతు, వాదమే తెలియని ఎలుగు. జంతువుకు అభిప్రాయం లేదు. వేడి తగిలితే మేలుకుంటుంది, పూవు పూస్తే వస్తుంది, లేకపోతే పస్తుంటుంది. సందేహించే శక్తి సృష్టిలో మనిషికి దక్కింది గనుకనే, ఆ సందేహానికి జవాబుదారీ కూడ మనిషి మీదనే ఉన్నది.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది. పక్కకు తప్పుకోవడం అందరికీ ఒక అడుగే కాదు. కొండమీది ఊరికి ఇంకా రోడ్డు కావాలి, వైద్యం కావాలి, కట్టెలపొగ లేని పొయ్యి కావాలి. సగటు భారతీయుడు గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువు సగటు ప్రపంచ మానవునిదానిలో సగం కంటె తక్కువ. బాధ్యత అందరిదీ ఐనా అందరి వంతూ సమానం కాదని 1992లో రియోలో దేశాలన్నీ ఒప్పుకున్నది ఇందుకే. ఇది నిజం. కాని ఆ న్యాయసూత్రాన్ని దేశం వెలుపల వల్లించి లోపల మరచిపోరాదు. రియోలో మనం ధనికదేశాలను అడిగినదానిని హల్కూ మనలను అడగవచ్చు. నగరంలో నాలుగు గదులు చల్లబరచుకొని కూర్చున్న నా వంటివాడు, హల్కూ పేదరికాన్ని అడ్డం పెట్టుకొని తన వంతు తప్పించుకోవడం, అతని కంబళి డబ్బు మరొకసారి తీసుకోవడమే.

మా అమ్మాయికి ఇంత పొడుగు జవాబు ఆనాడు చెప్పలేదు. "చలి తగ్గితే హల్కూకు ఒక రాత్రి మేలు, ఒక ఏడు కీడు" అని మాత్రం అన్నాను. ఆ మాటకు మిగిలిన సగం తరువాతి ఫూల్‌దేఈ నాడు కుమావూఁలో నాకు దొరికింది. నేను దిగిన ఇంటికి తెల్లవారుతూనే పిల్లలు వచ్చారు. పళ్లెంలో ఫ్యోలీ పూలూ, అడవిలో దొరికిన ఏవో తెల్లపూలూ ఉన్నవి. ఎర్రదనం లేదు.

"బురాన్ష్ ఏదమ్మా?" అని అడిగింది ఆ ఇంటి ముసలమ్మ.

"అది ముందే వచ్చి వెళ్లిపోయింది, ఆమా" అన్నది ఆ గుంపులో చిన్నపిల్ల. ఆమా అంటే అక్కడ నాయనమ్మ, అమ్మమ్మ.

ముసలమ్మ ఇంకేమీ అడగలేదు. తెచ్చిన పూలనే గడపమీద పెట్టించుకొని, ఎప్పటివలెనే పిల్లల పళ్లెంలో బియ్యం పోసి, బెల్లంముక్క పెట్టింది. ఋతువు మాట తప్పినా ఆమె తన మాట తప్పలేదు. ఐతే ఋతువు తనంతట తాను తప్పలేదని మనకు తెలిసిన నాటినుంచి, ఆ పిల్లకు చెప్పవలసిన జవాబు ఆ ముసలమ్మది కాదు, మనది.